అన్నకు 39కే స్టెంట్ వేశారు, ఇంట్లో ఇంకెవరెవరు పరీక్ష చేయించుకోవాలి?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది చిత్తూరు. నాకు 34 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నాను. మా నాయన 47వ ఏట గుండెపోటుతో పోయారు. బీడీలు బాగా కాల్చేవారు, అందుకే పోయారని అందరం అనుకున్నాం. పోయిన నెల మా అన్నకు తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వస్తే తిరుపతికి తీసుకుపోయాం. స్టెంట్ వేశారు. అన్నకు 39. సిగరెట్, మందు ముట్టడు, షుగర్ లేదు, మనిషి సన్నగా ఉంటాడు. డిశ్చార్జి కాగితాల ఫోటోలు పంపుతున్నాను. తమ్ముడికి 29. వాడు భయపడిపోయి ఈసీజీ, ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకున్నాడు. అన్నీ నార్మల్. అయినా యాంజియోగ్రామ్ చేయించుకుంటానని పట్టుబడుతున్నాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, మా ఇంటి మగవాళ్ళకు యాభై గండం అంటుంది. తాత కూడా యాభై నిండకుండానే చెనక్కాయల చేలో కుప్పకూలిపోయాడట. నాది మేనరికం, మేనత్త కొడుకునే చేసుకున్నాను. మాకు ఎనిమిదేళ్ళ బాబు. వాడికీ వస్తుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెనక్కాయలు, గుడ్లు అన్నీ మానిపించాను. ఇంకేం చేయాలి? అన్న బాగైతే అలిపిరి నుంచి నడిపించి కొండకు తీసుకొస్తానని అమ్మ మొక్కుకుంది. నడిపించవచ్చా?
ఒక సోదరి, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీరు పంపిన కాగితాల్లో ఇంట్లో అందరూ మొదటి పేజీయే చదివి ఉంటారు. ఏ రక్తనాళం మూసుకుపోయింది, స్టెంట్ ఎక్కడ వేశారు, గుండె ఎంత శాతం పనిచేస్తోంది, ఇవన్నీ ఉండేది అక్కడే కాబట్టి. నేను మాత్రం రెండో పేజీ కింద రక్తపరీక్షల దగ్గర ఆగిపోయాను. టోటల్ కొలెస్ట్రాల్ 305, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 165, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 234. మొదటి పేజీ మీ అన్న ఒక్కడిది. ఈ 234 మీ కుటుంబం మొత్తానిది. మీరు అడిగినవాటిలో సగానికి పైగా జవాబు దాన్లోనే ఉంది.

మన వైపు మగవాళ్ళ రిపోర్టుల్లో మామూలుగా కనబడేది వేరు. ఎల్‌డీఎల్ 120, 130 దగ్గర ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు 250 దాటి ఉంటాయి, హెచ్‌డీఎల్ తక్కువ, ముందుకు పొట్ట, పక్కనే షుగర్. అది ఎక్కువగా మూడు పూటలా అన్నం, కూర్చుని చేసే పని, పెరిగిన బరువు తెచ్చిపెట్టేది. మీ అన్న రిపోర్టు ఆ బాపతు కాదు. సన్నటి మనిషిలో, షుగర్ లేకుండా, ఎల్‌డీఎల్ 190 దాటి ఉందంటే మొట్టమొదట అనుమానించాల్సింది పుట్టుకతో వచ్చిన అధిక కొలెస్ట్రాల్‌ని. ఫెమీలియల్ హైపర్‌కొలెస్ట్రొలీమియా అని దాని పూర్తి పేరు. ఆసుపత్రుల్లో పొట్టిగా ఎఫ్‌హెచ్ అంటారు. ఇంకో సంగతి. గుండెపోటు వచ్చిన ఒక రోజు తర్వాత నుంచి కొన్ని వారాల పాటు ఎల్‌డీఎల్ దానంతటదే కొంత తగ్గి కనబడుతుంది. ఆ రక్తం ఏ రోజు తీశారో కాగితంలో లేదు. రెండో రోజో మూడో రోజో తీసి ఉంటే అసలు అంకె 234 కన్నా ఎక్కువే ఉండి ఉంటుంది.

ఎల్‌డీఎల్‌ని రక్తంలోంచి లాగేసుకునే పని కాలేయానిది. అందుకోసం కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. వీటిని కనిపెట్టి, ఒంట్లో కొలెస్ట్రాల్ లెక్క ఎలా నడుస్తుందో తేల్చినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. రిసెప్టర్‌ను తయారు చేసే జన్యువు మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండింటిలో ఒకటి చెడిపోయి ఉంటే పని సగమే జరుగుతుంది, మిగతా ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. పుట్టిన రోజు నుంచీ ఇదే పరిస్థితి. నలభైలో అలవాట్ల వల్ల కొలెస్ట్రాల్ పెరిగిన మనిషికీ వీళ్ళకీ తేడా అక్కడే. ఎల్‌డీఎల్ చేసే చెరుపు అప్పు మీద వడ్డీలాగా ఏళ్ళ మీద పేరుకుంటుంది. మీ అన్నకు అది 39 ఏళ్ళ వడ్డీ.

ఇది దాదాపు 250, 300 మందిలో ఒకరికి ఉంటుంది. అంత మందిలో ఉన్నా, చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళ డిశ్చార్జి కాగితాల మీద ఈ పేరు రాసి ఉండటం చాలా తక్కువ. మూసుకుపోయిన నాళాన్ని అర్ధరాత్రి లేచి వచ్చి తెరుస్తారు, అందుకు వాళ్ళకు దండం పెట్టాలి. కానీ 39 ఏళ్ళకే ఎందుకు మూసుకుపోయిందని కూర్చుని ఆలోచించే తీరిక ఎవరికీ దొరకదు. రోగి ఇంటికి పోతాడు, చెల్లెలు, తమ్ముడు, పిల్లలు రక్తపరీక్ష లేకుండానే ఉండిపోతారు.

అనుమానం ఎంత గట్టిదో చూడటానికి డచ్ లిపిడ్ క్లినిక్ స్కోరు అని ఒకటి ఉంది. ఎల్‌డీఎల్ 190కీ 249కీ మధ్య ఉంటే 3 పాయింట్లు. మగవాళ్ళలో 55 లోపు గుండె జబ్బు వస్తే 2. తండ్రికి కూడా అలాగే చిన్న వయసులో వచ్చి ఉంటే 1. మీ అన్నకు మొత్తం 6 వచ్చాయి. 6 నుంచి 8 అంటే ఎఫ్‌హెచ్ ఉండే అవకాశం బాగా ఉన్నట్టు లెక్క. ఉత్తరం చూసి నేను ఇంతకు మించి తేల్చలేను. థైరాయిడ్ బాగా తగ్గినా, కొన్ని రకాల కిడ్నీ జబ్బుల్లోనూ ఎల్‌డీఎల్ ఇలాగే పెరుగుతుంది. అందుకని టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష రెండూ ఒకసారి చేయించండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అన్న మడమ వెనక స్నాయువు, అంటే పిక్క నుంచి మడమకు దిగే ఆ లావు తాడులాంటిది, గట్టిపడి ఉబ్బుగా ఉందేమో చూడమనండి. కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం 45 ఏళ్ళ లోపే కనబడినా లెక్కలోకి వస్తుంది. ఇవేవీ లేకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

ఇక అవ్వ మాట. దాన్ని మూఢనమ్మకం అని తోసేయొద్దు. ఎఫ్‌హెచ్ ఉండి మందులు వాడని మగవాళ్ళలో దాదాపు సగం మందికి యాభై ఏళ్ళ లోపు గుండె జబ్బు బయటపడుతుందని వైద్య పుస్తకాల్లోనే ఉంది. భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న మనిషి, చూసిందే చెప్పింది. ఆమె లెక్కలో తప్పిపోయింది ఒక్కటే. మగవాళ్ళకు అంది. జన్యువుకు కొడుకని, కూతురని తేడా లేదు, ఎవరికైనా సగం అవకాశం. ఆడవాళ్ళలో జబ్బు పదేళ్ళు అటుగా బయటపడుతుంది, అంతే. మందులు వాడకపోతే అరవై ఏళ్ళ లోపు దాదాపు 30 శాతం మందికి వస్తుంది. అరవైల్లో అత్తో అవ్వో పోతే ఇంట్లో వయసు మీద పడిందంటారు తప్ప వంశం లెక్కలో రాసుకోరు.

అందుకే అడుగుతున్నాను. తమ్ముడి గురించి రాశారు, బాబు గురించి రాశారు. మీ ఎల్‌డీఎల్ ఎంత? ఉత్తరం మొత్తంలో మీ గురించి వయసూ ఉద్యోగం తప్ప ఏమీ లేదు. ఆ జన్యువు నాయన నుంచి వచ్చిందే అయితే తమ్ముడికి ఎంత అవకాశం ఉందో మీకూ అంతే ఉంది. ఈ వారంలోనే ఇద్దరూ కలిసి వెళ్ళి లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ రక్తపరీక్ష, చేయించుకోండి. చిత్తూరులో ఏ ల్యాబులోనైనా చేస్తారు. పరగడుపున ఉండాల్సిన అవసరం కూడా చాలావరకు లేదు, ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా వస్తే అప్పుడు పరగడుపున మళ్ళీ చేస్తారు. ఎఫ్‌హెచ్ ఉన్న కుటుంబాల్లో ఈ పరీక్ష చాలావరకు సూటిగా జవాబు చెబుతుంది. జన్యువు వచ్చినవాళ్ళకు ఎల్‌డీఎల్ 190, 200 పైన ఉంటుంది, రానివాళ్ళకు అందరిలాగా వందో, నూట ఇరవయ్యో ఉంటుంది. మధ్యలో వచ్చేవాళ్ళు కొందరు ఉంటారు. మీ వయసులో 155 దాటితే డాక్టరుకు చూపించాల్సిందే. అమ్మకు కూడా చేయించండి. అమ్మది మామూలుగా ఉంటే నాయన వైపు నుంచే వచ్చిందని తేలుతుంది. అన్నకు పిల్లలుంటే వాళ్ళకూ తప్పదు.

లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు లైపోప్రోటీన్ ఎ అనే పరీక్ష అడగండి. కాస్త ఖర్చెక్కువ, చిన్న ల్యాబుల వాళ్ళు రక్తం బయటికి పంపిస్తారు. 1963లో కోర్ బెర్గ్ అనే నార్వే శాస్త్రవేత్త దీన్ని కనుగొన్నాడు. ఇది దాదాపు పూర్తిగా వారసత్వంగా వచ్చేదే, తిండితో, నడకతో మారదు. అందుకే పెద్దవాళ్ళకు జీవితంలో ఒకసారి చేస్తే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే గుండెపోటు ముప్పు పెరుగుతుంది. కొన్ని ల్యాబులు వేరే కొలతలో ఇస్తాయి, అంకెతో పాటు కొలత ఏమిటో చూసుకోండి. ఎఫ్‌హెచ్‌కి ఇది కూడా తోడైతే మిగతా విషయాల్లో ఇంకా గట్టిగా ఉండాలి.

తమ్ముడి యాంజియోగ్రామ్ సంగతి. వద్దని చెప్పండి. ఛాతీలో ఇబ్బంది లేని 29 ఏళ్ళ కుర్రాడికి నాళంలోకి గొట్టం పంపి చూడటం వల్ల లాభం లేదు, దానికుండే చిన్న ముప్పు దానికి ఉంది. పైగా యాంజియోగ్రామ్‌లో కనబడేది నాళం లోపల రక్తం పోయే దారి. ఎల్‌డీఎల్ పేరుకునేది గోడలో. దారి బాగా ఇరుకైతే తప్ప గోడలో ఏముందో తెలియదు. టీఎంటీ కూడా అంతే. నాళం 70 శాతం దాకా ఇరుకైనప్పుడే అది సాధారణంగా పట్టుకుంటుంది. చాలా గుండెపోట్లు అంత ఇరుకు లేని చోటే, గోడలోని కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. కాబట్టి టీఎంటీ నార్మల్ వచ్చిందంటే ఇవాళ నాళాల్లో పెద్ద అడ్డు లేదని అర్థం. ముప్పు లేదని కాదు. తిరుపతిలో కుర్రాళ్ళు శ్రీవారి మెట్టు గబగబా ఎక్కేసి, ‘నా గుండెకేమీ లేదు, చూడు’ అంటుంటారు. కాళ్ళల్లో సత్తా ఉందని తేలుతుంది, ఎల్‌డీఎల్ తేలదు. కాల్షియం స్కోరు స్కాన్ చేయించమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. గోడలో పేరుకున్నది సున్నం పట్టడానికి ఏళ్ళు పడుతుంది, 29లో సున్నా వచ్చినా ధీమాగా ఉండటానికి లేదు.

వేలకు వేలు పోసి మాస్టర్ చెకప్ ప్యాకేజీలు కొనే బదులు తమ్ముడికి కావాల్సినవి ఇవి: లిపిడ్ ప్రొఫైల్, లైపోప్రోటీన్ ఎ, హెచ్‌బీఏ1సీ అనే షుగర్ పరీక్ష, బీపీ, నడుము కొలత. మనవాళ్ళలో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే ఎక్కువ కిందే లెక్క.

ఒకవేళ ఎఫ్‌హెచ్ కాదని తేలిందనుకుందాం. అయినా మీ కుటుంబ చరిత్ర లెక్కలోంచి పోదు. తండ్రికో అన్నదమ్ముడికో 55 లోపు, తల్లికో అక్కచెల్లెలికో 65 లోపు గుండె జబ్బు వచ్చి ఉంటే దాన్ని విడిగా ఒక ముప్పుగా రాసుకోవాలి. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో తరాల తరబడి నడుస్తున్న పరిశోధనలో, తల్లిదండ్రుల్లో ఒకరికి ఇలా చిన్న వయసులో వచ్చి ఉంటే కొడుకులకు ముప్పు రెండింతలు, కూతుళ్ళకు దాదాపు 1.7 రెట్లు ఉన్నట్టు 2004లో లెక్క తేల్చారు. బీపీ, కొలెస్ట్రాల్, పొగ వంటివి తీసేసి చూసినా అంత తేడా ఉంది. మన దేశంలో, చుట్టుపక్కల దేశాల్లో మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కన్నా ఐదారేళ్ళు ముందే వస్తుందని 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన చూపించింది. అదే పరిశోధనలో, పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, తిండి, వ్యాయామం, మద్యం ఈ తొమ్మిదీ కలిసి గుండెపోట్లలో 90 శాతానికి కారణం చూపించగలిగాయి. దానికి కుటుంబ చరిత్ర కలిపితే లెక్క పెద్దగా పెరగలేదు. రక్తంతో వచ్చింది కూడా చాలావరకు ఈ తొమ్మిదింటి దారిలోనే పనిచేస్తుందన్నమాట. మీ నాయన విషయంలో బీడీయా, జన్యువా అని తేల్చుకోవాల్సిన పని లేదు. రెండూ కలిసి ఉంటాయి. ఎఫ్‌హెచ్ ఉన్నవాడు పొగ తాగితే ముప్పు చాలా ముందుకు జరిగిపోతుంది. తమ్ముడు స్నేహితులతో కలిసినప్పుడు ఒకటో రెండో కాలుస్తాడేమో కనుక్కోండి. అన్నలు, అక్కలు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. డాక్టరు ముందు అడిగించండి.

కుటుంబ చరిత్ర రాసేటప్పుడు ‘గుండె ఆగి పోయాడు’ అన్న ప్రతి చావునూ ఇందులో కలపకండి. ఏ వయసు, నొప్పి వచ్చిందా, చెమట పట్టిందా, ముందు కాలు చేయి పడిపోయాయా, ఆసుపత్రి కాగితం ఏదైనా ఉందా, ఇవి అవ్వను కూర్చోబెట్టి అడగండి. ఆమెకు చాలా గుర్తుంటుంది. ఇరవైల్లో ఆడుతూనో పరిగెత్తుతూనో పడిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే అది వేరే కథ. గుండె కండరం జబ్బులు కూడా వంశంలో నడుస్తాయి. మన ఉపఖండంలో దాదాపు 4 శాతం మందిలో అలాంటి ఒక జన్యు లోపం ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2009లో బయటపెట్టింది. దానికి పనికొచ్చే పరీక్ష ఎకో.

ఇప్పుడు మీ నిద్ర చెడగొడుతున్న విషయం. మేనరికం అన్నారు కాబట్టి సూటిగా చెబుతాను, పూర్తిగా చదవండి. నాయనకు ఈ జన్యువు ఉంటే ఆయన అక్కకో చెల్లెలికో, అంటే మీ అత్తగారికి, ఉండే అవకాశం సగం. ఆమె కొడుకుగా మీ ఆయనకు నాలుగో వంతు. మీకు సగం. మీ ఇద్దరికీ ఉంటేనే బాబుకు రెండు వైపుల నుంచీ ఆ జన్యువు చెడిన ప్రతి (కాపీ) రావడానికి వీలుంటుంది, అప్పుడు కూడా నాలుగింట ఒక వంతే. అన్నీ కలిపి లెక్కేస్తే 32లో ఒకటి. అది కూడా నాయనకు ఉందనుకుంటేనే. రెండు ప్రతులూ చెడినప్పుడు ఎల్‌డీఎల్ 400 పైన ఉంటుంది, చిన్నప్పుడే మోచేతుల మీద, మోకాళ్ళ మీద, పిరుదుల మీద, వేళ్ళ సందుల్లో పసుపురంగు దళసరి మచ్చలో గడ్డలో వస్తాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడిలో చాలావరకు ఈపాటికి కనబడి ఉండాలి. ఇవాళ సాయంత్రం స్నానం చేయించేటప్పుడు ఒకసారి చూడండి. అలాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా తిరుపతి స్విమ్స్‌కో, రాయవేలూరు సీఎంసీకో తీసుకుపోండి.

లేకపోయినా వాడికి లిపిడ్ ప్రొఫైల్ చేయించాల్సిందే. ఇలాంటి కుటుంబాల్లో రెండేళ్ళు దాటిన పిల్లలకు కూడా చేయవచ్చు. ఎల్‌డీఎల్ 160 దాటితే ఒక ప్రతి వచ్చి ఉంటుందని అనుమానించాలి. వచ్చినా భయపడాల్సింది లేదు, నిజం చెప్పాలంటే వాడిది మీ అన్న కన్నా మంచి స్థితి, ముప్ఫై ఏళ్ళ ముందే తెలుస్తుంది కాబట్టి. ఇలాంటి పిల్లలకు ఎనిమిది, పదేళ్ళ మధ్య నుంచే చిన్న డోసులో స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర మొదలుపెడతారు. చదువు, ఆట అన్నీ మామూలే. పిల్లవాడి ముందు ‘యాభై గండం’ మాట ఎత్తకండి, అవ్వకు కూడా చెప్పండి.

మేనరికం చేసుకున్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. మీ ఆయన, మీ అత్తగారు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి, అంతే. అత్తగారిని ఒప్పించడం కష్టమని నాకు తెలుసు. ‘మా పుట్టింటి వంశంలో లోపముందంటావా’ అని ఆమెకు కోపం రావచ్చు. కోడలిగా కాకుండా మేనకోడలిగా అడగండి, అన్నకు జరిగింది చెప్పి అడగండి. జన్యు పరీక్ష కూడా ఉంది. దొరికితే మంచిదే, కానీ మందు మొదలుపెట్టడానికి దాని కోసం ఆగనక్కర్లేదు.

మందుల గురించి. పెద్దవాళ్ళలో ఎఫ్‌హెచ్ తేలితే తిండి ఒక్కదానితో పని జరగదు. ఎంత నిష్ఠగా తిన్నా ఎల్‌డీఎల్ 10, 15 శాతం తగ్గితే గొప్ప. అన్న 234 రెండు వందల దగ్గర ఆగుతుంది. గుండెపోటు వచ్చిన మనిషిలో అది 55 కిందికి రావాలి. పెద్ద డోసు స్టాటిన్ సగం తగ్గిస్తుంది, అంటే 117. ఎజెటిమైబ్ అనే ఇంకో మందు కలిపితే 94 దగ్గరికి వస్తుంది. అక్కడికి కూడా చాలదు, చూశారా? అందుకే నాలుగు నుంచి పన్నెండు వారాల్లో పరీక్ష మళ్ళీ చేయించి, చాలకపోతే ఇంకో మందు కలపమని అడగాలి. పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు అని ఉన్నాయి, ఉన్నదాంట్లో ఇంకో 60 శాతం దాకా తగ్గిస్తాయి. ఖరీదైనవే. మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, గుండెపోటు తర్వాత రాసిచ్చిన మాత్ర అదే డోసులో ఏళ్ళ తరబడి వేసుకుంటూ పోతారు, ఎల్‌డీఎల్ ఎంతకు దిగిందో చూడరు. లేదా నార్మల్‌కు వచ్చింది కదా అని మానేస్తారు. స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన రక్తం గడ్డకట్టకుండా చేసే రెండు మాత్రల్లో ఏదీ డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపకూడదు, పంటి డాక్టరు ఆపమన్నా సరే, ముందు గుండె డాక్టరును అడగాలి.

స్టాటిన్ వేసుకుంటే కండరాలు పోతాయి, షుగర్ వస్తుంది అని ఫోన్లలో వచ్చే వీడియోలు మీ దాకా వచ్చే ఉంటాయి. కొందరికి ఒళ్ళు నొప్పులు నిజమే, అప్పుడు డోసో మందో మారుస్తారు. షుగర్ అంచున ఉన్నవాళ్ళలో అది కాస్త ముందు బయటపడవచ్చు. మీ ఇంటి లెక్కల ముందు ఇవి చాలా చిన్నవి. మీకు మాత్రం ఒక జాగ్రత్త. మీ ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండి స్టాటిన్ రాస్తే, రెండో బిడ్డ ఆలోచన ఉందో లేదో ముందే చెప్పండి. బిడ్డ కోసం ప్రయత్నించే ముందే మామూలుగా ఆ మందు ఆపిస్తారు. బాబు కడుపులో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చి ఉంటే అది కూడా చెప్పండి. తర్వాతి జీవితంలో గుండె ముప్పును అవి పెంచుతాయి, అయినా కాన్పు అయ్యాక ఆ సంగతి ఎవరూ అడగరు.

చెనక్కాయల మీద ఎందుకమ్మా కోపం? వాటిల్లో కొలెస్ట్రాలే ఉండదు, ఉన్న కొవ్వులో ఎక్కువ భాగం మంచి రకం. గుప్పెడు ఉడకబెట్టిన కాయలు, సంగటిలోకి చెనక్కాయల ఊరిబిండి నిక్షేపంగా తినవచ్చు, బీపీ ఉంటే ఉప్పు తగ్గించుకోవాలి. నూనె ఏదైనా కొలతే ముఖ్యం, మనిషికి నెలకు అర లీటరు దాటకుండా చూసుకోండి. తగ్గించాల్సింది నెయ్యి, వెన్న, మీగడ, పామాయిలు, డాల్డాతో చేసే బేకరీ సరుకు, కొవ్వు ముక్కలతో మాంసం. బాబు స్కూలు నుంచి వస్తూ తినే పఫ్ గుడ్డు కన్నా చెడ్డది. రాగి సంగటి మంచిదే, రెండు ముద్దలు తింటే షుగర్‌కు అన్నంతో సమానమే. తిరుమల లడ్డూ గురించి అడుగుతారని తెలుసు. చిటికెడు తింటే ప్రసాదం. డబ్బా నిండా తెచ్చుకుని వారమంతా తింటే నెయ్యి, చక్కెర.

ఇంట్లో ఎవరికైనా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఎన్నడూ లేని ఆయాసం వస్తే గ్యాస్ మాత్ర వేసి అరగంట చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు, వేలూరు దానిలో సగం. నేరుగా పెద్ద ఆసుపత్రికే పోదామని దగ్గరున్న ఆసుపత్రిని దాటేసి పోతుంటారు. ముందు దగ్గరలో ఈసీజీ తీయించండి. అది గుండెపోటే అయితే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి పంపే వీలుంటే, ఆ గంటలో దక్కే గుండె కండరం చాలా ఉంటుంది.

చివరికి మొక్కు. అలిపిరి దారి మూడున్నర వేల మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల నడక. గాలిగోపురం దాకా ఒకటే ఎక్కుడు, తర్వాత మోకాళ్ళ పర్వతం ఇంకో పరీక్ష. గుండె జబ్బు ఉన్నవాళ్ళు నడిచి రావద్దని టీటీడీయే చెబుతుంటుంది. స్టెంట్ వేసి నెల అయిన మనిషికి ఆ ప్రశ్నే వద్దు. ఇప్పుడు అన్నకు కావాల్సింది చదునైన దారిలో రోజూ నడక, డాక్టరు చెప్పినంత, కొంచెం కొంచెంగా పెంచుతూ. ఏడాది అయ్యాక, ఎల్‌డీఎల్ 55 కిందికి వచ్చాక, ఎకో, టీఎంటీ చూసి గుండె డాక్టరు సరేనంటే అప్పుడు ఆలోచించండి. అప్పటికి వద్దంటే బస్సులో వెళ్ళి తలనీలాలు ఇచ్చి రండి. మొక్కుకున్నది అమ్మ, అన్న కాదు. ఆమె తరఫున నేను నడుస్తానని మీరు బయల్దేరే మనిషిలా ఉన్నారు. మీ రిపోర్టు చూసుకున్నాకే బయల్దేరండి. మీవి, తమ్ముడివి, బాబువి మూడు అంకెలూ వచ్చాక నాకు రాయండి. అన్నకు గుండెపోటు రాకముందు ఎప్పుడైనా చేయించిన పాత లిపిడ్ రిపోర్టు బీరువాలో ఉంటే దాన్ని కూడా వెతికి పంపండి.